పవర్ స్టీరింగ్ ఆయిల్ కారుతుంటే ఇంట్లో బాగుచేసుకోవచ్చా? మా అత్తగారి ముగ్గు సాక్షిగా, చేసుకోవచ్చు

స్టీరింగ్ ఆయిల్ కారుతోంది, మెకానిక్ రాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని తిప్పే భాగం) మొత్తం మార్చాలంటున్నాడు, ఇంట్లో ఏమైనా చెయ్యొచ్చా అని అడిగారు. చెయ్యొచ్చండి, నేను చేశాను, అదీ సంక్రాంతికి అత్తారింటికెళ్లి మరీ.

మాది 2009 మోడల్ డీజిల్ బండి, ఏడు సీట్లది. కంపెనీ పేరెందుకులెండి, అన్నేళ్లకి ఎవరి రబ్బరైనా గట్టిపడి బీటలిస్తుంది. పండగ రోజు గుడికెళ్లొచ్చి బండి ముగ్గు పక్కన ఆపాననుకున్నా, ముందు చక్రం అంచు మీదకెక్కిందని చూసుకోలేదు. భోజనాలయ్యాక బండి వెనక్కి తీస్తే తెల్లటి ముగ్గు మీద ఎర్రగా ఇంత మరక. అత్తగారు చూసి "రంగులు వేద్దామనుకుంటూనే ఉన్నా బాబూ, మీ బండే వేసేసింది" అన్నారు. తిట్టినా బాగుండేది.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే బండి చూడకుండానే "రాక్ పోయింది సార్, 22 వేలవుద్ది" అన్నాడు. ఫోన్లో రోగం చెప్పే డాక్టర్ని నమ్మం గానీ ఫోన్లో రాక్ పోయిందనేవాణ్ణి ఎందుకు నమ్ముతామో నాకర్థం కాదు.

పైనుంచి కారిన ఆయిల్ కిందికి పాకి రాక్ మీద నుంచి చుక్క పడుతుంది, అందుకే అందరికీ రాకే దొంగలా కనిపిస్తుంది. నేను ఇంజన్ చల్లారాక స్టీరింగ్ ఆయిల్ డబ్బా నుంచి కింద దాకా గుడ్డతో శుభ్రంగా తుడిచి, మా ఆవిడ పౌడరు డబ్బా తెచ్చి పైపుల మీద చల్లా. బండి స్టార్ట్ చేసి స్టీరింగ్ ఓ పదిసార్లు తిప్పి, ఆపేసి టార్చి వేసి చూస్తే రిటర్న్ పైపు, అంటే ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చే పైపు, డబ్బాకి తగిలే చోట తెల్ల పౌడర్లో ఎర్రటి గీత! పైపు చివర నిలువునా చీలింది, పాత స్ప్రింగ్ క్లిప్ వదులైపోయింది. రాక్ పొడిగా ఉంది.

పైపు కొందామంటే మర్నాడు కనుమ. కనుమ నాడు కాకైనా కదలదని అత్తగారు గేటే తియ్యనివ్వలేదు. ఆ మర్నాడు బావమరిది పాత ముక్క పట్టుకుని బైకు మీద విజయవాడ ఆటోనగర్ వెళ్లొచ్చాడు. మొదట షాపువాడు నీళ్ల పైపు అంటగట్టబోయాడట, ఒప్పుకోకండి, ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆయిల్ పైపనే అడగాలి. పైపు, రెండు స్క్రూ క్లిప్పులు, లీటరు ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడేదే, చాలా బళ్లలో స్టీరింగ్‌కీ పోస్తారు), అన్నీ కలిపి వెయ్యి లోపే. మా బండికి డెక్స్రాన్ 3 అనే రకం ఎర్ర ఏటీఎఫ్, మీది మూత మీదో మాన్యువల్లోనో చూసుకోండి, కొన్నిటికి వేరే ఆయిల్. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ మాత్రం పొయ్యకండి, సీళ్లన్నీ పోతాయి, అప్పుడు మెకానిక్ చెప్పిన 22 వేలు నిజంగానే అవుద్ది.

పైపు మార్చడం పావుగంట పని, పైపు విప్పినప్పుడు లోపలికి దూరిన గాలి తియ్యడమే ఓపిక పని. ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద పెట్టి, ఇంజన్ ఆఫ్‌లోనే స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా ఓ ఇరవైసార్లు తిప్పాలి, మధ్యలో డబ్బాలో ఆయిల్ తగ్గుతుంటే పోస్తుండాలి. బుడగలు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ తిప్పాలి. మా బావమరిది చివరికంటా తిప్పి అలాగే బిగబట్టి కూర్చున్నాడు, ఆయిల్‌ని తోసే స్టీరింగ్ పంపు కుయ్యోమంది. "బావా, ఇదేం సౌండు" అంటాడు పైగా! అలా ఐదు సెకన్లకి మించి పట్టుకోకూడదు, వీడు మామూలుగా పార్కింగ్‌లో కూడా ఇదే చేస్తాడు.

ఒక్కటి, కారేది పంపు నుంచి వచ్చే ప్రెషర్ పైపైతే ముట్టుకోకండి. దానికి క్లిప్పులు ఆగవు, సన్నగా చిమ్మితే చర్మంలోకే దిగుతుంది. అది షాపులో కొత్తది వేయించాల్సిందే. వీడియోల్లో చూపించే లీక్ ఆపే మందు కూడా వద్దు, చీలిన పైపుని అదేం అతికించదు.

మొన్న పండక్కి వెళ్తే గేటు దగ్గర అత్తగారు ముందే గోనెసంచి పరిచి ఉంచారు. మూడు రోజుల్లో చుక్క పడలేదు. అయినా గోనె తియ్యలేదావిడ.