రాత్రి ఊరేగింపుకు జేబులో కెమెరా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతరలో రాత్రిపూట ఘటాల ఊరేగింపును, వేషగాళ్లను నలుగురి దృష్టిలో పడకుండా తీయడానికి ఏ చిన్న కెమెరా కొనాలని అడిగావు. దుకాణంవాడు మెగాపిక్సెళ్ల సంగతి ఎత్తుతాడు. నీవు సెన్సారు (వెలుతురును పట్టే పలక) కొలత, లెన్సు ఎఫ్ సంఖ్య (ఇది ఎంత తక్కువైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురును లోనికి వదులుతుంది) కలిపి అడుగు.

సోనీ ఆర్‌ఎక్స్100 వరుసలో ‘ఒక అంగుళం’ అనే సెన్సారు నిజానికి 13.2 × 8.8 మిల్లీమీటర్లే. రికో జీఆర్ 3, ఫుజీఫిల్మ్ ఎక్స్100వీలలోని ఏపీఎస్-సీ అనే పెద్ద కొలత సెన్సారు వైశాల్యంలో దానికి సుమారు మూడు రెట్లు. అయితే జీఆర్ లెన్సు ఎఫ్/2.8 కనుక, ఎఫ్/1.8 లెన్సున్న సోనీ మోడళ్ల ముందు ఆ ఆధిక్యంలో చాలా భాగం కరిగిపోతుంది. ఎఫ్/2 ఉన్న ఫుజీకి మాత్రం అది దాదాపు నిలుస్తుంది. పెట్టె మీది 1.8 కూడా జూమ్ చేయనంతవరకే. 2012 నాటి మొదటి ఆర్‌ఎక్స్100లో జూమ్ చివరికి వెళితే అది 4.9 అవుతుంది, అంటే వెలుతురు ఏడో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. జూమ్ మీద మోజుంటే పగటి పెళ్లిళ్లకు దాచుకో.

వెలుతురు ఒక్కటే చూస్తే ఫుజీయే నా ఎంపిక, కానీ అది చొక్కా జేబులో పట్టదు. బ్యాటరీ, మెమరీ కార్డుతో కలిపి 257 గ్రాములే ఉండే జీఆర్ పడుతుంది, పైగా దాని 28 మి.మీ. వెడల్పాటి చూపు ఇరుకు సందులో ఎదురుగా వచ్చే వేషగాడికి సరిపోతుంది. నీకు అదే చెబుతాను. చేతి వణుకును అణచే ఏర్పాటు అందులో ఉంది కానీ, ఆడే మనిషి కదలికను అది ఆపలేదు. అందుకు సెకనులో 125వ వంతు షట్టర్ వేగమైనా కావాలి, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ చిత్రాన్ని ప్రకాశవంతం చేసే అమరిక) ఎంత పెరిగినా, చిత్రంలో కొంత గరుకు కనబడినా సరే.

శబ్దం ఉండదని ఎలక్ట్రానిక్ షట్టర్ (రెక్కలు కదలకుండా సెన్సారే చిత్రాన్ని వరుసవరుసగా చదివే పద్ధతి) వాడితే సీరియల్ బల్బుల కింద ఫొటోలో అడ్డచారలు పడే ప్రమాదం ఉంది. ఈ మూడు వరుసల్లోనూ ఉన్న లీఫ్ షట్టర్ (లెన్సులోనే తెరుచుకుని మూసుకునే రెక్కలు) చప్పుడు డప్పుల మధ్య ఎవరికీ వినబడదు. ఆటోఫోకస్ దీపం ఆపి, తెర వెలుగు తగ్గించు. దృష్టిలో పడకపోవడమంటే దొంగచాటుగా తీయడం కాదు. వేషం తీసి సేదతీరుతున్నవారిని అడగకుండా తీయకు.

జీఆర్ బ్యాటరీ ఒక ఛార్జికి సుమారు 200 చిత్రాలే ఇస్తుంది. కెమెరాతోపాటే మరొకటి కొను.

మీ మామయ్య