పికప్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఒక్కసారి డ్రైన్ చేస్తే ఫ్లూయిడ్ మొత్తం మారిపోతుందా?

మారదు, కింది ప్యాన్ నుంచి దించితే చాలా పికప్‌లలో మొత్తం ఫ్లూయిడ్‌లో మూడో వంతు నుంచి సగం వరకే బయటికి వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఫ్లూయిడ్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం), కూలర్ గొట్టాల్లో, వాల్వ్ బాడీ (ఫ్లూయిడ్‌ని దారి మళ్లించి గేర్లు మార్పించే భాగం) సందుల్లో ఉండిపోతుంది. ఇప్పటి బళ్లలో టార్క్ కన్వర్టర్‌కి విడిగా డ్రైన్ బోల్టు దాదాపు ఉండదు. అందుకే ఇంజిన్ ఆయిల్ మార్చినట్టు ఒక్క దెబ్బతో పని అయిపోదు.

మొత్తం 12 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లోంచి 5 లీటర్లు దిగాయనుకుందాం. కొత్తది 5 లీటర్లు పోసి కాస్త నడిపితే పాతా కొత్తా కలిసిపోతాయి, అప్పుడు కొత్తది సుమారు 42 శాతం. ఇలాగే రెండోసారి చేస్తే 66, మూడోసారికి 80 శాతం. మామూలు వాడకానికి, సమయానికి మారుస్తూ ఉంటే, ఒక్క డ్రైన్ చాలు. బరువైన ట్రైలర్ లాగే బండిలో మాత్రం ఫ్లూయిడ్ వేడికి త్వరగా పాడవుతుంది కాబట్టి రెండు మూడు సార్లు చేయడం మేలు.

లెవెల్ చూసేటప్పుడు ఫ్లూయిడ్, బండి మాన్యువల్‌లో చెప్పిన వేడిలో ఉండాలి. వేడెక్కితే అది వ్యాకోచించి లెవెల్ మారిపోతుంది.

చాలామంది అపోహ ఏమిటంటే, ఎక్కువ తిరిగిన బండికి ఫ్లూయిడ్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందని. నిజానికి గేర్లు జారడం మొదలయ్యాకే చాలామంది మార్చడానికి వస్తారు. అప్పటికే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి, నింద మాత్రం కొత్త ఫ్లూయిడ్ మీద పడుతుంది. అసలు భయపడాల్సింది మాన్యువల్‌లో చెప్పని రకం పోయడం గురించి.