రెజిలియన్స్‌ను తెలుగులో ఏమనాలి?

సందేహం: దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో మహిళా సంఘాలకు వాతావరణ మార్పుల మీద శిక్షణ ఇస్తుంటాం. అందుకోసం ఒక ఇంగ్లిష్ పుస్తకాన్ని తెలుగు చేస్తూ ‘రెజిలియన్స్’ దగ్గర ఆగిపోయాను. దెబ్బను తట్టుకోవడం, తగిలాక మళ్లీ లేవడం అనే అర్థంలో ఆ పుస్తకం దాన్ని వాడింది. పత్రికల్లో ‘ఆర్థిక వ్యవస్థ స్థితిస్థాపకత’, ‘మానసిక స్థితిస్థాపకత’ అని రాస్తున్నారు. ఇంటర్ చదివే మా అబ్బాయేమో అది తీగలకు, స్ప్రింగులకు చెప్పే మాట అంటున్నాడు. అన్నిచోట్లా పనికొచ్చే ఒక్క తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: మీ అబ్బాయి మాటే నిజమమ్మా. లాగిన తీగ వదలగానే మునుపటి పొడవుకు వచ్చే గుణం స్థితిస్థాపకత. ఇంగ్లిష్‌లో దాన్ని ఎలాస్టిసిటీ అంటారు. రెజిలియన్స్ దానికి దగ్గరి చుట్టమే కానీ, అదే కాదు. స్థితిస్థాపక అవధి, అంటే మునుపటి రూపానికి తిరిగి రాగల హద్దు, దాటకుండా ఒక పదార్థం ఎంత శక్తిని తనలో దాచుకుని, బరువు తీసేయగానే తిరిగి ఇవ్వగలదో ఆ లెక్కను ఇంజనీర్లు రెజిలియన్స్ అంటారు. తేడా ఎక్కడ బయటపడుతుందో చూడండి. రబ్బరు కంటే ఉక్కుకు స్థితిస్థాపకత ఎక్కువని మీ అబ్బాయి పాఠంలోనే ఉంటుంది, ఎందుకంటే ఉక్కును కాస్త సాగదీయడానికి కూడా చాలా బలం కావాలి. రెజిలియన్స్‌కు వచ్చేసరికి రబ్బరుదే పైచేయి. రెండింటికీ స్థితిస్థాపకత అనే రాస్తే పిల్లవాడు పరీక్షలో ఏం రాయాలి? కాబట్టి ఇంజనీరింగ్ పుస్తకాల్లో రెజిలియన్స్ అని తెలుగు లిపిలో రాసుకోవడమే మేలు. ఆ చదువు చదివే వాళ్లకు అది కొత్త మాట కాదు.

ఇక ఒక్క మాట సంగతి. ఒక ఇంగ్లిష్ మాటకు ఒక తెలుగు మాటే ఉండాలన్న నియమం మన శాస్త్ర గ్రంథాల్లోనే లేదు. అదే ఎలాస్టిసిటీ అర్థశాస్త్రంలోకి వస్తే ‘డిమాండ్ వ్యాకోచత్వం’ అయింది. ఎవరూ తికమక పడలేదు. రెజిలియన్స్‌కైతే ఇంగ్లిష్‌లోనే అర్థం ఒక్కచోట నిలవలేదు. వెనక్కి దూకడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టి, పదార్థాల శాస్త్రంలో కుదురుకుంది. 1973లో హోలింగ్ అనే కెనడా పర్యావరణ శాస్త్రవేత్త దాన్ని అడవులకు, సరస్సులకు వర్తింపజేస్తూ అర్థాన్ని మరో వైపు నడిపించాడు. ఎంత త్వరగా మునుపటి స్థితికి వస్తుందన్నది ఆయనకు వేరే ప్రశ్న, దానికి స్థిరత్వం అని పేరు పెట్టాడు. స్వరూపం మారిపోకుండా ఎంత దెబ్బను ఇముడ్చుకోగలదన్నదే ఆయన చెప్పిన రెజిలియన్స్. పత్రికల వాళ్లు ఆర్థిక వ్యవస్థకు తగిలిస్తున్న ‘స్థితిస్థాపకత’ ఈ రెండిట్లో దేన్ని చెబుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాదు. ‘ఒడిదుడుకులను తట్టుకుని నిలబడింది’ అంటే సరిపోయే చోట అంత సంస్కృతం ఎందుకో!

మీ పనికి కావలసిన మాటలు రైతుల నోట ఉన్నాయి. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం వేసేవాళ్లను అడగండి. వానలు వెనక్కిపోయినా చేను ఎండిపోకుండా ఉంటే ‘బెట్టను తట్టుకుంది’ అంటారు. వాడిపోయిన చేను ఒక వాన పడగానే మళ్లీ చిగురిస్తే ‘తిప్పుకుంది’ అంటారు. ముసురు పట్టి గెలలకు బూజు తెగులు వస్తే, పాడైన గెలలు తీసేసి కాస్త యూరియా వేయమని వ్యవసాయ అధికారులు చెబుతుంటారు. అప్పుడు పక్క కొమ్మల నుంచి కొత్త గెలలు వస్తాయి. మొదటి గెలలు పోయినట్టే, కానీ పంట చేతికొస్తుంది. అది తట్టుకోవడం కాదు, కోలుకోవడం. దెబ్బ తగులుతున్నప్పుడు చూపే బలం ఒకటి, తగిలాక లేచే బలం ఇంకొకటి. ఇంగ్లిష్ ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసింది. మనం విడివిడిగా చెప్పుకోగలం, అది మనకు లోటు కాదు.

ఈ తేడా పట్టించుకోకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో మీ దగ్గర్లోనే కనిపిస్తుంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన వాళ్లున్నారు. వాళ్లు ఆ బాధను తట్టుకున్నారనవచ్చు. కోలుకున్నారని మాత్రం రాయకూడదు, ఎందుకంటే ఫ్లోరైడ్ వల్ల అలా వంగిన ఎముకలు మళ్లీ నిటారు కావు. వలస కూలీల గురించి రాసేటప్పుడూ ఇంతే. ఇంగ్లిష్ నివేదికలో పొగడ్తగా ఉన్న ‘రెజిలియంట్’ అన్న మాట తెలుగులో ‘ఓర్పు గల ప్రజలు’ అయిందంటే, ఇంకాస్త ఓర్చుకోండి అన్నట్టే వినిపిస్తుంది. ఓర్పును ఈ జాబితాలోంచి తీసేయండి.

మనసు విషయానికొస్తే, హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ ఏళ్ల తరబడి గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవల లాంటి కష్టాలు చుట్టుముట్టిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది బాధ్యత గల మనుషులుగా ఎదిగారు. వాళ్లలో చాలామందికి, తల్లిదండ్రులు కాకపోయినా, ఆదుకునే పెద్దమనిషి ఒకరు ఉన్నారు. ఆ పిల్లలు మునుపటి స్థితికి వెళ్లలేదు, పెరిగారు. అందుకే ‘మానసిక స్థితిస్థాపకత’ అర్థంలోనూ తప్పుతుంది. హఠాత్తుగా తగిలిన దెబ్బకైతే తేరుకోవడం అనండి. బురద కిందికి దిగి నీళ్లు తేటపడడాన్నీ తేరుకోవడమే అంటాం. జబ్బుకు, నష్టానికి కోలుకోవడం, బతుకుదెరువుకు నిలదొక్కుకోవడం. గుండె నిబ్బరం మంచి మాటే కానీ, అది కష్టం ముందు నిలిచే ధైర్యాన్ని చెబుతుంది, తర్వాతి సంగతి చెప్పదు.

తట్టుకొను, తిప్పుకొను, తేరుకొను, కోలుకొను, నిలదొక్కుకొను... అన్నిటి చివరా ‘కొను’ ఉంది. చేసేవారికే ఫలం చెందుతుందని చెప్పే ఈ క్రియలను ఆత్మార్థకాలంటారు. ‘-త’, ‘-త్వం’ తగిలించి నామవాచకం చేయబోతేనే చిక్కు. వాక్యాన్ని క్రియతో నడపండి, ఇబ్బందే ఉండదు.

విపత్తుల గురించిన అధ్యాయంలో విపత్తుల ముప్పు తగ్గించుకోవడానికి దేశాలు కుదుర్చుకున్న 2015 నాటి సెండాయ్ ఒప్పందం ప్రస్తావన ఉంటే ‘తట్టుకుని తేరుకునే శక్తి’ అని రెండూ కలిపి రాయండి. ఐక్యరాజ్యసమితి నిర్వచనంలో రెండూ ఉన్నాయి. కరెంటు, ఫోన్ లైన్ల దగ్గర ‘ఒకటి తెగినా పని ఆగకుండా’ అంటే చాలు. ‘క్లైమేట్ రెజిలియంట్’ పంటలను ‘కరువును, ముంపును తట్టుకునే పంటలు’ అనండి. మండల స్థాయి అధికారులు కూడా చదువుతారు కాబట్టి మొదటిసారి వచ్చిన చోట రెజిలియన్స్ అన్న మాటను ఉంచి, పక్కనే వివరణ ఇవ్వండి. పుస్తకం పేరులో మాత్రం అది వద్దు. ‘కాలం కాకున్నా కోలుకునేలా’ అని పెట్టి చూడండి, మీ సంఘాల వాళ్లు ఏమంటారో.