పేగు జబ్బుకీ మోకాలి వాపుకీ సంబంధం ఉందా?

ప్రశ్న: నా వయసు 34. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరికాయల వ్యాపారం. నాలుగేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) ఉంది, దానికి మెసలమైన్ మందు వాడుతున్నాను. రెండు నెలల నుంచి కుడి మోకాలు, ఎడమ చీలమండ వాస్తున్నాయి. తెల్లవారుజామున నడుము పట్టేసి మెలకువ వస్తోంది, లేచి తిరిగితే సర్దుకుంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చారు. నొప్పి తగ్గింది గానీ పది రోజులకే విరేచనంలో మళ్లీ నెత్తురు పడుతోంది. కీళ్లవాతం కోసం చేసే రక్తపరీక్ష, ఆర్‌ఏ ఫ్యాక్టర్, నెగెటివ్. మా అమ్మ ఇది వాతమని వంకాయ, బంగాళాదుంప మానిపించింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపేయండి. నెత్తురు పడటానికి అదొక్కటే కారణమని చూడకుండా చెప్పలేను గానీ, నా అనుమానం మాత్రం దాని మీదే. ఈ జాతి నొప్పి మాత్రలు కొందరిలో కొలైటిస్‌ను తిరగబెడతాయి. లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకపోతే డాక్టరుకు చూపించుకునేదాకా పారాసెటమాల్ 650 రోజుకు మూడుసార్లు వేసుకోవచ్చు.

మీ పేగుకీ కీళ్లకీ సంబంధం ఉందనే అనుకుంటున్నాను. శరీర రక్షణ వ్యవస్థ గాడి తప్పి సొంత పేగు మీద పడటమే కొలైటిస్. పేగు బయట ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది కీళ్లకే. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఇందులో సాధారణంగా నెగెటివే వస్తుంది. ఆ కాగితం చూసి 'ఏమీ లేదు' అనుకుని ఏడాది గడిపేసినవాళ్లను చూశాను.

మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్లు ఒకటో రెండో వాస్తే, అది చాలావరకు పేగుతో పాటే నడుస్తుంది. పేగు రేగితే వాస్తాయి, అది చల్లబడితే కొన్ని వారాల్లో తగ్గుతాయి, కీలు కూడా సాధారణంగా పాడవదు. నడుము సంగతి అలా కాదు. నలభై లోపు మొదలై, తెల్లవారుజామున లేపి, పడుకుంటే పెరిగి, తిరిగితే తగ్గే నొప్పిని బస్తాలు మోసిన నొప్పి అనుకోకండి. వెన్ను, తుంటి ఎముకలు కలిసేచోట వాపు ఉందేమో ఎంఆర్‌ఐలో చూడాలి. పేగు నెమ్మదించినా ఇది తన దారిన తాను నడుస్తుంది. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

మందుల విషయానికొస్తే, సల్ఫాసలజైన్ అని పాత మందు ఒకటుంది. 1940 ప్రాంతంలో కీళ్లవాతం కోసమే తయారుచేస్తే, పేగుకే ఎక్కువ పేరు తెచ్చుకుంది. మీ మెసలమైన్ దాని తమ్ముడే, కాకపోతే అందులో సల్ఫా ఉండదు. మెసలమైన్ బదులు దీనికి మారితే మోకాలికి పనికిరావచ్చు, నడుముకు మాత్రం పనిచేయదు. సల్ఫా పడనివాళ్లు వాడకూడదు. పిల్లల కోసం చూస్తుంటే ముందే చెప్పండి, వాడినన్నాళ్లూ వీర్యకణాలు తగ్గుతాయి, మానేశాక మామూలవుతాయి. నడుము వాపు ఖాయమైతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు పేగుకీ వెన్నుకీ కలిపి పనిచేస్తాయి. మొదలుపెట్టే ముందు టీబీ లేదని తేల్చుకోవాలి. లోపల నిద్రపోతున్న టీబీని ఇవి లేపగలవు.

కాకినాడలోనో రాజమండ్రిలోనో గ్యాస్ట్రో (పేగుల) డాక్టరుకు, రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) ఇద్దరికీ చూపించుకోండి. ఒకరు రాసిన చీటీ రెండోవారికి తప్పకుండా చూపండి. కీళ్లకు మేలుచేసే కొత్త మందుల్లో పేగును రేపేవీ ఉన్నాయి. వాపుకు ముందు జ్వరం వచ్చిందేమో గుర్తు తెచ్చుకుని చెప్పండి, చికున్‌గున్యా తర్వాత కూడా కీళ్లు నెలల తరబడి పీకుతాయి. పేరులేని చెట్టుమందు పొడుల జోలికి పోవద్దు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు.

ఒకే కీలు వేడెక్కి జ్వరం వచ్చినా, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నెత్తురు ఎక్కువై రోజుకు ఆరుసార్లకు మించి విరేచనాలైనా అంతే.

ఇక వంకాయ. దానికీ ఈ వాపుకీ సంబంధం లేదు. నెత్తురు పడుతున్నన్నాళ్లూ కారం, పీచు తగ్గించి మెత్తగా ఉడికినవే తినండి. చేప పులుసు కూడా కారం తగ్గిస్తే ఫర్వాలేదు. పేగు కుదుటపడ్డాక గుత్తివంకాయ మీ అమ్మగారి చేతే వండించుకోండి.