అమెరికాలో ఇంట్లో బిగించుకున్న రైఫిల్‌కి ఏళ్ల తరబడి ఏం మారుస్తుంటారు?

టెక్సస్‌లో మీ ఫ్రెండ్ పార్టులు కొని ఏఆర్-15 రైఫిల్ బిగించుకున్నాడు, ఆరేళ్లయినా మారుస్తూనే ఉన్నాడు, ఇదేం పిచ్చి అని అడిగారు. కొంచెం పిచ్చే, కానీ దానికి కారణం ఉంది. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సీరియల్ నంబరుండే లోయర్ రిసీవరే, అంటే ట్రిగ్గర్ కూర్చునే కింది చట్రమే తుపాకీ. బ్యారెల్ (గుండు వెళ్లే గొట్టం), ట్రిగ్గర్, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) అన్నీ ఉత్త విడిభాగాలు. పై భాగాన్నీ కింది భాగాన్నీ కలిపేవి రెండే పిన్నులు, అవి నొక్కితే రైఫిల్ రెండుగా విడిపోతుంది, ఇక చెయ్యి ఊరుకుంటుందా?

చాలామంది ముందు పైపై సోకులకి డబ్బు తగలేస్తారు. నన్నడిగితే మొదట ట్రిగ్గర్. మామూలుగా వచ్చేదాన్ని లాగడానికి ఆరేడు పౌండ్ల బలం కావాలి, పైగా తుప్పుపట్టిన గడియ లాగినట్టు గరగరలాడుతూ కదులుతుంది, గుండు పేలేలోపే గురి కాస్తా పక్కకి జరుగుతుంది. తర్వాత మంచి స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి. ఆపైన ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్, అంటే చెయ్యి వేసే తొడుగు బ్యారెల్‌ని ఎక్కడా తాకకుండా ఉండేది. తాకితే మన పట్టుని బట్టి గుండు పడే చోటు మారిపోతుంది. బ్యారెల్ ఎలాగూ అరిగాకే మారుస్తారు, అదీ 16 అంగుళాలకి తగ్గితే 1934 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ తలనొప్పి.

ఇంకోటి, హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు సరదాపడి కొనేయకండి. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం. ఇక మన దేశంలో లైసెన్సు లేకుండా ఇంట్లో తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరుగా జైలే.