మేనకోడలికి, ఎల్క్ వేట తూటాల గురించి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నన్నే తిట్టింది. నువ్వు రైఫిల్ కొన్నావట, అక్టోబర్‌లో కొలరాడో వచ్చి ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడతావట, పైగా తూటాలు గ్యారేజీలో నువ్వే నింపుకుంటావట. అంతా నా సావాసమేనట. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట అంటే కేసూ జైలూ కాబట్టి, ఆవిడకు అదే గుర్తు. ఇక్కడ ప్రభుత్వమే లెక్కగట్టి లైసెన్సులిస్తుందంటే నా మాట నమ్మదు, నువ్వే చెప్పుకో. ఫోన్ పెట్టేశాక ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మన ఇంట్లో తుపాకీ పట్టిన మొదటి ఆడపిల్లవి. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

రైఫిల్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. థర్టీ ఆట్ సిక్స్ కొన్నావు, మంచి పని చేశావు. 1906 నుంచీ ఉన్న తూటా కొలత, ఎల్క్‌కి చాలినంత బలం, నీ భుజం ఓర్చుకోగలిగినంత దెబ్బ. ఇంకా బలమైన తూటా పేల్చే మాగ్నమ్ కొనలేదని ఎవడైనా వెక్కిరిస్తే వినిపించుకోకు.

బుల్లెట్ దగ్గరే, అంటే తూటా కొసనుండి ఎగిరిపోయే ముక్క దగ్గరే, నీతో నాకు పేచీ. నువ్వు పంపిన ఫొటో చూశాను. వంద గజాల్లో మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. మీ తాతయ్య ఉంటే ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించేవాడు. కానీ ఫొటోలో ఉన్న బుల్లెట్ల పెట్టె మీద ‘మ్యాచ్’ అని ఉంది, చూసుకున్నావా? అది పోటీల్లో కాగితం కొట్టడానికి చేసిన బుల్లెట్. పై రాగి తొడుగు పలచన. జంతువు ఒంట్లోకి దిగాక ఎలా విచ్చుకోవాలి, ఎంత లోతు పోవాలి అన్న ఆలోచనే దాని తయారీలో లేదు.

నేను గనిలో పనిచేసే రోజుల్లో మాతో ఒకాయన ఉండేవాడు, పేరెందుకులే. గురిలో మా అందరికంటే మొనగాడు. సెవెన్ ఎమ్ఎమ్ మాగ్నమ్‌లో ఇలాంటి మ్యాచ్ బుల్లెట్లే నింపుకునేవాడు, కాగితం మీద అంత బాగా పడుతున్నాయని. వద్దని చెబితే, ‘తగలాల్సిన చోట తగిలితే ఏ బుల్లెట్ అయితేనేం’ అనేవాడు. తగలాల్సిన చోటే తగిలింది కూడా. ఇక్కడి గ్రాండ్ మెసా కొండ మీద ఆస్పెన్ చెట్ల మధ్యలోంచి ఒక మగ ఎల్క్ దగ్గరకొచ్చి, కాస్త మావైపు వాలుగా తిరిగి నిలబడింది. అరవై గజాలు కూడా ఉండదు. అంత దగ్గర్లో మాగ్నమ్ బుల్లెట్ పూర్తి వేగంతో ఉంటుంది. జబ్బ ఎముకకు తగిలి అక్కడికక్కడే ముక్కలైపోయింది. ఎల్క్ తూలింది, మోకరిల్లింది, లేచి నల్లటి స్ప్రూస్ అడవిలోకి పోయింది.

నెత్తురు మొదట చేతి వెడల్పున కనిపించింది, తర్వాత ఆకుకో బొట్టు, తర్వాత అదీ లేదు. చీకటి పడేదాకా వెతికాం. టార్చి లైట్లతో వెతికాం. రాత్రంతా ఆయన నిప్పు దగ్గర కూర్చున్నాడేగానీ ఒక్క మాట లేదు. మర్నాడు మధ్యాహ్నానికి కాకులు అరుస్తుంటే ఆ దిక్కుకు పోయాం. పొట్ట ఉబ్బిపోయి ఉంది. ఎల్క్ తోలు, బొచ్చు ఎంత మందమంటే చలిలో కూడా లోపలి వేడి బయటికి పోదు, మాంసం ఎముక దగ్గర్నుంచి పాడైపోతుంది. నేనే కత్తి తీసి జబ్బ కోశాను. బయట పిడికిలి పట్టేంత గుంట. లోపల ఎముక చితికి, దాని చుట్టూ గోరు ముక్కలంత రాగి రేకులు, సీసం పొడి. ఒక్క ముక్క మాత్రం దాటి ఒక ఊపిరితిత్తిని గీరింది. రెండో తిత్తికి ఏమీ కాలేదు. ఒక్క తిత్తితో ఎల్క్ గంటల తరబడి నడుస్తుంది అమ్మడూ. అది నడిచిన దారంతా మేం వెనక్కి నడిచి చూశాం. మూడుచోట్ల పడుకుని లేచింది. ఆయన తన ట్యాగ్, అంటే ఒక్క జంతువుకే ఇచ్చే వేట అనుమతి చీటీ, దానికే కట్టుకున్నాడు, ఆ ఏడాది మళ్లీ తుపాకీ ఎత్తలేదు.

అందుకే చెబుతున్నాను, కాగితం మీద గ్రూపు, అంటే చిల్లుల గుంపు వెడల్పు, అంగుళంన్నర ఉన్నా నాకు దిగుల్లేదు. మగ ఎల్క్ మూడొందల కిలోల పైమాటే, దాని గుండె, ఊపిరితిత్తులు అంత చిన్నవేమీ కావు. ఎముక అడ్డొచ్చినా విడిపోకుండా రెండు తిత్తుల్లోంచీ పోయే బుల్లెట్ కావాలి. రెండింట్లో ఒకటి తీసుకో. ఒకటి నోస్లర్ పార్టిషన్, బరువు 180 గ్రెయిన్లు (బుల్లెట్ల బరువు కొలిచేది గ్రెయిన్లలోనే). దానికి మధ్యలో రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం పువ్వులా విచ్చుకుంటే వెనక సగం గట్టిగా నిలిచి తోసుకుపోతుంది. జాన్ నోస్లర్ 1946లో కెనడాలో మూస్ అనే దుప్పిజాతి జంతువును కొడితే, బురద ఎండి గట్టిపడిన దాని ఒంట్లోకి బుల్లెట్ సరిగా దిగలేదట. ఆ చిరాకులోంచి పుట్టిన బుల్లెట్ ఇది. రెండోది బార్న్స్ టీటీఎస్ఎక్స్, 168 గ్రెయిన్లు. మొత్తం రాగే, సీసం లేదు. బరువు దాదాపు ఏమీ పోగొట్టుకోదు కాబట్టి తక్కువ గ్రెయిన్లయినా లోతుగా పోతుంది. మీ ఇంట్లో పసిపిల్ల ఉంది, ఆ మాంసమే తింటుంది, సీసం తునకలు ఎందుకు? మనం వదిలేసిన పేగులు తినే గద్దలకూ మంచిది. నన్నడిగితే నీకు ఇదే. కాకపోతే వేగం బాగా తగ్గాక రాగి సరిగా విచ్చుకోదు, కాబట్టి మూడొందల గజాలు దాటి కొట్టకు. అసలు మొదటి ఏడాది రెండొందలు దాటినా నేనొప్పుకోను.

కొలరాడో నియమం ప్రకారం ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్లు, విచ్చుకునే బుల్లెట్. అది చట్టానికి సరిపోయే కొలత, అంతవరకే.

ఇక నింపడం. ‘మావయ్యా, నీ పౌడర్ ఎంత?’ అని అడిగావు, అంటే తూటాలో మందు ఎంత పోస్తానని. చెప్పను. నా లోడ్, అంటే నేను పోసే కొలత, నా రైఫిల్‌ది. బుల్లెట్ కంపెనీ మాన్యువల్ కొను, అందులో నీ బుల్లెట్‌కే రాసిన మొదటి అంకెతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా ఎక్కు. ఒకే బరువైనా రాగి బుల్లెట్ పొడుగ్గా ఉండి కేస్‌లో, అంటే తూటా ఇత్తడి గొట్టంలో, ఎక్కువ చోటు తింటుంది, సీసం బుల్లెట్ లెక్కలు దానికి వాడకూడదు. రైఫిల్ వెనక మూసే బోల్ట్ ఎత్తడం బిగుసుకుందా, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ బిళ్ల అంచులు చదునై పరుచుకున్నాయా, అక్కడితో ఆపెయ్. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో వేగం మాన్యువల్ గరిష్ఠాన్ని దాటితే సంతోషపడకు, ప్రెషర్ కూడా దాటిందని అర్థం. కేస్ పొడవు 2.494 అంగుళాలు మించకూడదు, 2.484కి కత్తిరించుకో.

నేను నిద్రలో కూడా భయపడే సంగతి ఇది. హాడ్గ్‌డన్ 4350, ఐఎమ్ఆర్ 4350 రెండూ షాపులో పక్కపక్కనే ఉంటాయి. అంకె ఒకటే, పౌడర్లు వేరు, లెక్కలు వేరు. నీ బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి. పని కాగానే మిగిలింది అదే డబ్బాలో పోసి, లోపల పెట్టి, అప్పుడు ఇంకోటి తియ్యి. ఫోన్ ఇంట్లో వదిలి గ్యారేజీలోకి వెళ్లు. పౌడర్ పోశాక ట్రేలోని కేసులన్నిట్లోకీ లైటు వేసి వరసగా చూడు, ఎక్కడైనా మట్టం తేడా కనిపిస్తే ఒలకబోసి మళ్లీ తూచు. బోల్ట్‌కి ఇవతల ఉండేవి నీ కళ్లు తల్లీ, చిన్నప్పుడు పాలపిట్టను అందరికంటే ముందు కనిపెట్టిన కళ్లు.

ఆ ఐఎమ్ఆర్ 4350 కంటే హాడ్గ్‌డన్‌దే తీసుకో, ఎండకీ చలికీ దానికి తేడా తక్కువ. మీ డాలస్ ఎండలో నింపినవి ఇక్కడి మంచులో పేల్చాలిగా. తూటాల పెట్టె కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టావని తెలిస్తే ఊరుకోను. వేటకు తీసుకెళ్లే ప్రతి రౌండునూ ముందే రేంజ్‌లో, గొట్టం దిబ్బవైపు పెట్టి, మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి (తూటా కూర్చుని పేలే అర) ఎక్కించి చూసుకో. అడవిలో ఇరుక్కుంటే చేసేదేం లేదు.

ఇంకో మాట. నీకు గ్రీన్ కార్డు ఉంది సరే, నీతో వస్తానంటున్న అబ్బాయి హెచ్1బీ మీద ఉన్నాడటగా. ఆ వీసా మీద తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. కాబట్టి అతని లైసెన్సు చేతికొచ్చేదాకా నీ గ్యారేజీలో ఏదీ ముట్టుకోనివ్వకు. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, నారింజ చొక్కా, టోపీ నీకెలాగూ తెలుసు.

సీజన్‌కి మూడు రోజులు ముందే గ్రాండ్ జంక్షన్ వచ్చెయ్. కొండమీద గాలి పలచన, నీకు ఆయాసం, బుల్లెట్ డాలస్‌లో కంటే తక్కువగా కిందికి జారుతుంది. ఇక్కడ మళ్లీ రెండొందల గజాలకు జీరో, అంటే గురి సరిగా పడేలా, చూసుకుందాం. పాత బుల్లెట్లు పారెయ్యకు, కాగితం కొట్టడానికి నాకు పనికొస్తాయి. అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి పెడతానంటోంది, కొత్త బుల్లెట్లతో తీసిన గ్రూపు ఫొటో ఆదివారంలోగా పంపు.

మీ మావయ్య