ఓనర్‌గా చేర్చినా సెట్టింగ్స్ తెరుచుకోవట్లేదంటే

మీ కాలనీ అసోసియేషన్ సెక్రటరీ మారారు. కొత్తాయన అడ్రసును మీ మెయిలింగ్ లిస్టుకు, అంటే ఒక్క అడ్రసుకు రాస్తే సభ్యులందరికీ మెయిల్ వెళ్లే ఏర్పాటుకు, ఓనర్‌గా చేర్చారు. అయినా ఆయనకు సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవట్లేదు, పాతాయన మాత్రం ఇంకా దర్జాగా లోపలికి వెళ్తున్నారు. ఇదీ మీ సమస్య. విశాఖలో మా ఇంజనీరింగ్ బ్యాచ్ లిస్టును చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

లక్షణాలు చూస్తే మీ లిస్టు నడుస్తున్నది మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ 2.1 మీద లాగే ఉంది. అందులో జనరల్ ఆప్షన్స్ పేజీలో ఓనర్లకొక డబ్బా, మోడరేటర్లకొక (ఆగిన మెయిల్స్ చూసి వదిలేవాళ్లకు) డబ్బా ఉంటాయి. లైనుకు ఒక అడ్రసు చొప్పున రాయాలి. అయితే అక్కడ అడ్రసు ఉన్నంత మాత్రాన అధికారం రాదండీ. ఫలానా మెయిల్ ఆగింది, చూడండి అనే నోటీసులు ఎవరికి పంపాలో చెప్పడానికే ఆ డబ్బాలు. లోపలికి పంపేది పాస్‌వర్డ్. అదీ మనిషికొకటి కాదు: అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి, మోడరేటర్ పాస్‌వర్డ్ ఒకటి. మోడరేటర్ పాస్‌వర్డ్‌తో ఆగిన మెయిల్స్ వదలడం, ఆపడం వరకే కుదురుతుంది, సెట్టింగ్స్ జోలికి వెళ్లలేరు. కాబట్టి పాతాయన అడ్రసు తీసేసి ఊరుకోకండి, అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. అది ఎవరికీ గుర్తులేకపోతే సర్వర్ చూసేవాళ్లే మార్చి ఇవ్వాలి.

మెయిల్‌మ్యాన్ 3లో ఈ గొడవ లేదు. ఎవరి లాగిన్ వాళ్లదే. ఓనర్‌గా చేర్చిన అడ్రసును ఆయన తన అకౌంట్‌లో వెరిఫై చేసుకుంటే చాలు.

ఎవరి అడ్రసు పెట్టాలన్నది అసలు ఆలోచించాల్సిన విషయం. పోర్టులోనో, స్టీల్ ప్లాంట్‌లోనో ఇచ్చిన ఆఫీసు మెయిల్ వద్దు. రిటైరైన రోజుతో అది పోతుంది, నోటీసులు ఎటు పోతున్నాయో ఎవరికీ పట్టదు. ఇంకో మాట, మోడరేటర్లందర్నీ ఒకే ఊళ్లో పెట్టకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా మోడరేటర్లంతా వైజాగ్‌లోనే ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అమెరికాలో ఉన్నవాళ్లు "అమ్మావాళ్లు ఎలా ఉన్నారో ఎవరైనా చూసొస్తారా" అని కొత్త అడ్రసుల నుంచి రాసిన మెయిల్స్ అప్రూవల్ కోసం అలాగే పడి ఉన్నాయి. ఆ టెన్షన్ చూశాక హైదరాబాద్‌లో ఒకర్ని, న్యూజెర్సీలో ఒకర్ని చేర్చాం. మీది చిన్న కాలనీయే కావచ్చు, పిల్లలు మాత్రం బయటే ఉంటారు కదా.

లిస్టు పేరు పక్కన "-owner" అని ఉండే అడ్రసుకు రాస్తే 2.1లో ఓనర్లకు, మోడరేటర్లకు అందరికీ వెళ్తుంది. నోటీసు బోర్డు మీద ఎవరి సొంత మెయిలూ రాయకుండా అదే రాయండి. సెక్రటరీలు మారినా బోర్డు మార్చక్కర్లేదు. స్పామ్ కూడా దానికే ఎక్కువ వస్తుంది, అది తప్పదు.

ఓనర్ అయినంత మాత్రాన లిస్టు మెయిల్స్ రావు. కొత్తాయన సభ్యుడిగా కూడా విడిగా చేరాలి, లేకపోతే ఆయన పంపిన మెయిలే అప్రూవల్ కోసం ఆగే అవకాశం ఉంది.

2.1 అయితే వెర్షన్ నంబరు పేజీ అడుగున ఉంటుంది. చూసి చెప్పండి, 3 అయితే మిగతాది దాని ప్రకారం రాస్తాను.